ఇరవై నాలుగు డాలర్ల దొంగతనం

మాచర్ల అనగానే మనలో చాలామందికి పల్నాటి కథ గుర్తుకొస్తుంది. నాగమ్మతో కోడిపందెంలో ఓడిపోయి బ్రహ్మనాయుడి పక్షం వాళ్ళు ఊరు విడిచి ఏడేళ్ళు వలసపోవడం, చెన్నకేశవస్వామి గుడి, చివరికి కారంపూడి యుద్ధం. 2018 సెప్టెంబరులో మాత్రం మాచర్ల పేరు ఇంకో రకం పందెం వల్ల పత్రికల్లోకి ఎక్కింది. ఈసారి బరిలోకి దించినవి కోళ్ళు కావు, మామూలు జనం కంప్యూటర్లు.

గువాహటికి చెందిన కొందరు యువ భద్రతా పరిశోధకులు భారత ప్రభుత్వ వెబ్‌సైట్లను పరీక్షిస్తూ పోతే, ఆంధ్రప్రదేశ్ పురపాలక శాఖ డైరెక్టరేటు సైటు, తిరుపతి నగరపాలక సంస్థ సైటు, మాచర్ల పురపాలక సంఘం సైటు, ఈ మూడింటిలోనూ ఎవరో దూర్చిపెట్టిన నాలుగు లైన్ల ప్రోగ్రాము బయటపడింది. ఆ పేజీ తెరిచిన ప్రతివాడి కంప్యూటరూ, పేజీ తెరిచి ఉన్నంతసేపూ, ఎవరో ముక్కూమొహం తెలియనివాడి కోసం మొనేరో అనే డిజిటల్ నాణేలు తవ్విపెడుతుంది. ఫ్యాను గిర్రున తిరుగుతుంది, లాప్‌టాప్ వేడెక్కుతుంది, కరెంటు మీటరు కదులుతుంది. తెర మీద మాత్రం మునిసిపల్ కమిషనరుగారి ఫొటో చిరునవ్వుతో అలాగే ఉంటుంది.

తిరుపతిలో ఇల్లుండి, ఇక్కడ డగ్లస్‌లోనో బాలిన్‌కాలిగ్‌లోనో కూర్చుని ఆ రోజుల్లో ఆ పేజీలు తెరిచినవాళ్ళు మన సంఘంలో ఉంటే, వాళ్ళ కంప్యూటర్లు కూడా ఆ కూలిపని చేసే ఉంటాయి. కూలి అనడం కూడా తప్పే. అడగకుండా, చెప్పకుండా, పైసా ఇవ్వకుండా చేయించుకునే పనికి మన భాషలో వేరే మాట ఉంది. వెట్టి.

కరణంగారి పుస్తకం

అసలు ఈ తవ్వడం ఏమిటి, నాణేలకూ కంప్యూటరు వేడెక్కడానికీ ఏమిటి సంబంధం అని అడిగే పాఠకుల కోసం కాస్త వెనక్కి వెళదాం. తెలిసినవాళ్ళు ఈ నాలుగు పేరాలూ దాటేసినా ఏమీ అనుకోను.

మన ఊళ్ళలో ఎవరి పొలం ఎంత, ఎవరు ఎవరికి అమ్మారు అన్న లెక్క కరణంగారి దగ్గర ఉండేది. ఆ పుస్తకం ఒక్కటే, రాసే చెయ్యీ ఒక్కటే. ఆ చేతిలో కలం ఎటు వంగితే పొలం అటు పోయిన కథలు మన తాతల దగ్గర కావలసినన్ని విన్నాం. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆ వ్యవస్థను రద్దు చేసింది. 2008లో సతోషి నకమోటో అన్న మారుపేరుతో ఒకాయన (ఒకావిడో, కొందరో) బిట్‌కాయిన్ పథకాన్ని ప్రకటించి చేసింది కూడా దాదాపు అలాంటి పనే. కరణాన్ని తీసేసి, లెక్కల పుస్తకం నకలు ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ పెట్టడం. ఎవడైనా తన నకలులో తప్పుడు పద్దు రాసుకుంటే మిగతా ఊరంతా ఒప్పుకోదు.

అయితే కొత్త పేజీ ఎవరు రాయాలి? అందరూ రాస్తానంటే గొడవ. దానికొక పోటీ పెట్టారు. ఒక అంకెల పొడుపుకథ ఇస్తారు. తెలివితో విప్పలేం, ఒక్కో అంకే వేసి చూసుకుంటూ పోవడమే. ముందు తగిలినవాడు పేజీ రాస్తాడు, బహుమతిగా కొత్త నాణేలు పుచ్చుకుంటాడు. దీన్నే మైనింగ్ అంటారు. బిట్‌కాయిన్‌లో సగటున పది నిమిషాలకో పేజీ, మొనేరోలో రెండు నిమిషాలకో పేజీ. రెండు పుస్తకాలు వేరు వేరుగా తయారైతే, ఏ పుస్తకం వెనక ఎక్కువ చాకిరీ ఉందో అదే అసలుదని అందరూ ఒప్పుకుంటారు. ఈ నియమం గుర్తుపెట్టుకోండి, ముందుముందు దీని అవసరం పడుతుంది.

బిట్‌కాయిన్ తవ్వడానికి ఇప్పుడు ప్రత్యేకమైన యంత్రాలు కావాలి, ఇంట్లో కంప్యూటరు దేనికీ చాలదు. మొనేరో అలా కాదు. మామూలు కంప్యూటర్లే తవ్వగలగాలి అన్నది దాని రూపకర్తల ఆశయం. పైగా ఎవరు ఎవరికి ఎంత ఇచ్చారో పైకి కనపడదు. ఈ రెండు గుణాలూ మంచివే. ఆ రెండింటి వల్లే వెట్టి చేయించుకునేవాడికి అది సరిగ్గా సరిపోయింది. (ఊరికే ఒక మాట. ఈ అంకెలాట అంతా చివరికి అవును, కాదు, ఇదీ అదీ, ఇదో అదో అనే తర్కం మీదే నడుస్తుంది. దాన్ని లెక్కల్లోకి తెచ్చిన జార్జ్ బూల్ మన ఊరివాడే. ఇప్పుడు యూసీసీగా పిలుస్తున్న కాలేజీకి 1849లో మొదటి గణితాచార్యుడిగా వచ్చి 1864లో పోయేదాకా కార్క్‌లోనే పాఠాలు చెప్పాడు.)

ఆంట్రిమ్ నుంచి నాలుగు వేల సైట్లకు

మాచర్ల సైటులో దొరికిన ఆ నాలుగు లైన్లు కాయిన్‌హైవ్ అనే సంస్థవి. 2017 సెప్టెంబరులో మొదలైంది. వాళ్ళు చెప్పిన ఉద్దేశం బాగానే ఉంది. ప్రకటనలతో విసిగించకుండా సైటు యజమానులు పాఠకుల కంప్యూటరు శక్తిని కాస్త వాడుకుని డబ్బు చేసుకోవచ్చు, వచ్చినదాంట్లో నూటికి ముప్పై కాయిన్‌హైవ్‌కి. యూనిసెఫ్ ఆస్ట్రేలియా శాఖ 2018లో ఇలాగే ఒక పేజీ పెట్టి, మీ కంప్యూటరు శక్తిని పిల్లల కోసం దానం చేస్తారా అని అడిగి మరీ తీసుకుంది. కానీ అడగకుండానే నడిపే వీలు మొదటినుంచీ ఉండటంతో, ఇతరుల సైట్లలోకి దొంగచాటుగా ఈ లైన్లు ఎక్కించడం కొద్ది నెలల్లోనే పెద్ద దందా అయిపోయింది.

మాచర్లకు ఏడు నెలల ముందు, 2018 ఫిబ్రవరి 11 ఆదివారం నాడు, ఈ దందా ఐర్లండ్ ద్వీపం మీదుగానే ప్రపంచమంతా పాకింది. ఉత్తర ఐర్లండ్‌లోని ఆంట్రిమ్‌లో టెక్స్ట్‌హెల్ప్ అనే సంస్థ ఉంది. చదవడం కష్టమైనవాళ్ళకు వెబ్ పేజీని పైకి చదివి వినిపించే బ్రౌజ్‌అలౌడ్ అనే ఉపకరణం వాళ్ళది. ప్రభుత్వ సైట్లు, ఆసుపత్రులు, కౌన్సిళ్ళు దాన్ని తమ పేజీల్లో పెట్టుకున్నాయి. పెట్టుకోవడం అంటే ఆ ఫైలును తెచ్చి దగ్గర దాచుకోవడం కాదు, పేజీ తెరిచిన ప్రతిసారీ టెక్స్ట్‌హెల్ప్ సర్వరు నుంచి తాజాగా తెప్పించుకోవడం. దొంగలు నాలుగు వేల సైట్లకు కన్నం వేయలేదు. ఆ ఒక్క ఫైలులో కాయిన్‌హైవ్ లైన్లు కలిపారు. అంతే, ఆ ఫైలు ఎక్కడెక్కడికి వెళుతుందో అక్కడికల్లా వెట్టి కూడా వెళ్ళింది.

బ్రిటన్‌లో జనం సమాచార భద్రతను కాపాడవలసిన సమాచార కమిషనరు కార్యాలయం సైటే ఇందులో ఉంది. జాతీయ ఆరోగ్య సేవ సైట్లు, అమెరికా కోర్టుల సైటు, ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ రాష్ట్ర శాసనాల సైటు, ఇక్కడ ఐర్లండ్‌లో కొన్ని ప్రజాసంస్థల సైట్లు, మొత్తం నాలుగు వేలకు పైగా. స్కాట్ హెల్మ్ అనే బ్రిటిష్ భద్రతా నిపుణుడు పసిగట్టి గోల చేశాక టెక్స్ట్‌హెల్ప్ ఆ సేవను ఆపేసింది. ఈ భాగోతమంతా నాలుగు గంటల వ్యవహారం.

ఇంత చేసి దొంగ సంపాదించింది ఎంత? తర్వాత కాయిన్‌హైవ్ వాళ్ళే ఒక పత్రికకు చెప్పారు. మొనేరో నాణెంలో పదో వంతు, అప్పటి ధరలో ఇరవై నాలుగు డాలర్లు. అది కూడా ఇవ్వబోమని చెప్పేశారు.

చదివినప్పుడు నాక్కూడా నవ్వొచ్చింది. కానీ కాసేపాగి ఆలోచిస్తే వెన్నులో చలి పుడుతుంది. కోర్టుల సైట్లలోకి, ఆసుపత్రుల సైట్లలోకి, ఒకే ఒక్క ఫైలు మార్చి తనకు నచ్చిన ప్రోగ్రాము పంపగలిగినవాడు, నాణేలు తవ్వుకోవడంతో సరిపెట్టుకున్నాడు. వచ్చినవాళ్ళు టైపు చేసే ప్రతి అక్షరాన్నీ తన సర్వరుకు చేరవేసుకోవాలనుకుంటే, దారి అదే, శ్రమ అంతే. పెరటి తలుపు తీసుకుని లోపలికి వచ్చి, బీరువా ముట్టుకోకుండా గడపలోని చెప్పులు పట్టుకుపోయాడు. చెప్పులే కదా అని తలుపు సంగతి మరిచిపోకూడదు.

సగం పైన ఒక్కటి

ఇందాక గుర్తుపెట్టుకోమన్న నియమం దగ్గరికి వద్దాం. ఎక్కువ చాకిరీ ఉన్న పుస్తకమే అసలుది. అంటే, ఊరి మొత్తం చాకిరీలో సగాని కంటే ఎక్కువ ఒకడి చేతికి వస్తే, వాడు పాత పేజీలు చింపి మళ్ళీ రాసుకోగలడు. ఒకరికి నాణేలు ఇచ్చి, సరుకు తీసుకుని, ఆ పద్దు లేని కొత్త పుస్తకం బయటపెట్టి, అవే నాణేలు మళ్ళీ ఖర్చు పెట్టగలడు. దీన్ని 51 శాతం దాడి అంటారు. బిట్‌కాయిన్ మీద ఇది ఇప్పటిదాకా జరగలేదు, ఆ చాకిరీ ఖరీదు అంత పెద్దది. కానీ చిన్న నాణేల సంగతి వేరు. 2018 మేలో బిట్‌కాయిన్ గోల్డ్ అనే నాణెం మీద ఇలాగే కోటీ ఎనభై లక్షల డాలర్ల దెబ్బ పడింది.

నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచింది ఇథీరియం క్లాసిక్ ఉదంతం. దాని మీద 2019 జనవరిలో ఒకసారి, 2020 ఆగస్టులో ఒకే నెలలో మూడుసార్లు దాడులు జరిగాయి. 2020 ఆగస్టు మొదట్లో జరిగినదాంట్లో సుమారు 56 లక్షల డాలర్ల విలువైన నాణేలు రెండుసార్లు ఖర్చయ్యాయని తేలింది. దానికి కావలసిన కంప్యూటర్ల శక్తిని దాడి చేసినవాడు కొనుక్కోలేదు. గంటల లెక్కన అద్దెకు ఇచ్చే బజారు ఒకటుంది, అక్కడ రెండు లక్షల డాలర్ల లోపు ఖర్చుతో తెచ్చుకున్నాడు. నాట్ల సమయంలో పక్క ఊళ్ళ నుంచి కూలీలను లారీలో తెచ్చినట్టు.

2025లో ఇంకో పద్ధతి చూశాం. క్యూబిక్ అనే ఒక బృందం, మా తరఫున మొనేరో తవ్వండి, మామూలుగా వచ్చేదాని కంటే ఎక్కువ ముట్టేలా మా సొంత నాణెం కూడా ఇస్తాం అని బహిరంగంగానే ఆశ చూపింది. జనం వెళ్ళారు. ఆగస్టు నెలలో మొనేరో పుస్తకంలో వరసగా ఆరు పేజీలు చిరిగి మళ్ళీ రాయబడ్డాయి. సగానికి మించి శక్తి నిజంగా చేతికొచ్చిందా లేదా అన్నదాని మీద పండితులు ఇంకా వాదించుకుంటున్నారు గానీ, క్రాకెన్ వంటి ఎక్స్‌చేంజీ మాత్రం ముందుజాగ్రత్తగా మొనేరో జమలను కొన్నాళ్ళు ఆపేసింది. సెప్టెంబరులో ఏకంగా పద్దెనిమిది పేజీలు మారిపోయాయి. అందులో వందకు పైగా లావాదేవీలు చెల్లకుండా పోయాయి. దొంగిలించిన చాకిరీ, అద్దె చాకిరీ, ఆశపెట్టి లాక్కున్న చాకిరీ, మూడింటికీ పుస్తకం ఒకే రకంగా లొంగుతుంది. ఎవరి చెమట అని అది అడగదు, ఎంత చెమట అనే అడుగుతుంది.

ప్రోగ్రాములో తప్పులు కూడా లేకపోలేదు. 2010లో, సరిగ్గా మన స్వాతంత్ర్య దినం ఆగస్టు 15న, బిట్‌కాయిన్ పుస్తకంలో ఒకే పేజీలో పద్దెనిమిది వేల నాలుగు వందల కోట్లకు పైగా నాణేలు పుట్టుకొచ్చాయి. మొత్తం మీద ఎప్పటికీ రెండు కోట్ల పది లక్షలు మించకూడదన్నది నియమం! కారణం చాలా చిన్నది. పాత స్కూటరు మీటరు 99,999 దాటాక మళ్ళీ సున్నాకు వచ్చినట్టు, కూడికలో అంకె మరీ పెద్దదైపోయి అడ్డం తిరిగింది. సతోషీ, ఆయన సహచరులూ గంటల్లోనే ప్రోగ్రాము సరిచేసి, మంచి పుస్తకం చెడ్డ పుస్తకాన్ని దాటేదాకా తవ్వి బయటపడ్డారు.

ఎనిమిదేళ్ళ తర్వాత, మాచర్ల వార్త వచ్చిన వారంలోనే, 2018 సెప్టెంబరు 17న బిట్‌కాయిన్‌లో అలాంటిదే ఇంకో తప్పు బయటపడింది. పని త్వరగా అవుతుందని అంతకు ముందు ఒక తనిఖీని తీసేశారు, దాంతో ఒకే నాణేన్ని ఒకే లావాదేవీలో రెండుసార్లు చూపించే వీలు ఏర్పడింది. ఏడాదిన్నర పాటు ఎవరి కంటా పడలేదు. కనిపెట్టినాయన దాన్ని వాడుకోకుండా ప్రోగ్రామర్లకు రహస్యంగా చెప్పాడు, మర్నాడే సవరణ వచ్చింది. ఆయన బుద్ధి ఇంకోలా ఉంటే కథ వేరుగా ఉండేది.

అదే తలుపు, ఏడేళ్ళ తర్వాత

పై తప్పులన్నీ కలిపినా, జనం పోగొట్టుకున్న సొమ్ములో అవి కొద్దిభాగమే. సొమ్ము ఎక్కువగా పోయింది పుస్తకంలో నుంచి కాదు, పుస్తకానికీ మనిషికీ మధ్య ఉన్న దుకాణాల నుంచి. జపాన్‌లోని మౌంట్ గాక్స్ 2014లో మూతపడినప్పుడు దాదాపు ఎనిమిదిన్నర లక్షల బిట్‌కాయిన్‌లకు లెక్క తేలలేదు. తర్వాత రెండు లక్షలు పాత ఖాతాలో దొరికాయి. మనవాళ్ళు చాలామంది వాడిన వజీర్ఎక్స్ నుంచి 2024 జులై 18న సుమారు 23 కోట్ల డాలర్లు, రూపాయల్లో రెండు వేల కోట్లకు అటూ ఇటూగా, ఒక్కపూటలో పోయాయి. 2025 అక్టోబరులో మళ్ళీ తెరిచేదాకా ఖాతాదారులు ఏడాదికి పైగా ఎదురుచూశారు. హైదరాబాదులోనూ విజయవాడలోనూ పెళ్ళికని, చదువుకని దాచుకున్నవాళ్ళు కూడా ఆ వరసలో ఉన్నారు.

వీటన్నిటికీ తలదన్నినది 2025 ఫిబ్రవరి 21న జరిగింది. దుబాయి కేంద్రంగా పనిచేసే బైబిట్ ఎక్స్‌చేంజీ నుంచి నాలుగు లక్షలకు పైగా ఇథర్ నాణేలు, సుమారు 150 కోట్ల డాలర్ల విలువైనవి, మాయమయ్యాయి. ఇది ఉత్తర కొరియా పనేనని అమెరికా ఎఫ్‌బీఐ ప్రకటించింది. అంత సొమ్మున్న పెట్టె తెరవడానికి ఒక్కరి సంతకం చాలదు, పలువురు అధికారులు విడివిడిగా సంతకం పెట్టాలి. పెట్టారు కూడా. మరెలా పోయింది?

వాళ్ళు సంతకాలు పెట్టింది సేఫ్ అనే మరో సంస్థవారి వెబ్ పేజీ ద్వారా. దాడి చేసినవాళ్ళు బైబిట్ గోడ ఎక్కలేదు. సేఫ్‌లో పనిచేసే ఒక ప్రోగ్రామరు కంప్యూటర్లోకి చొరబడి, రెండు రోజుల ముందే, ఆ పేజీ తెప్పించుకునే ఫైలులో కొన్ని లైన్లు మార్చారు. తెర మీద మామూలు బదిలీ కనిపించింది, సంతకం మాత్రం పెట్టె తాళాలు అప్పగించే కాగితం మీద పడింది. బైబిట్ పెట్టె దగ్గరికి వచ్చినప్పుడే ఆ లైన్లు మేల్కొనేట్టు రాశారు. మిగతావాళ్ళకు అంతా సవ్యంగానే ఉంది.

ఆంట్రిమ్ ఫైలు పక్కన దీన్ని పెట్టి చూడండి. మధ్యలో ఉన్నవాడి దగ్గర నుంచి వచ్చే ఒక జావాస్క్రిప్టు ఫైలు, దాన్ని ప్రశ్నించకుండా నమ్మే వేరే సంస్థ. 2018లో ఆ తలుపు గుండా పోయింది ఇరవై నాలుగు డాలర్లు. 2025లో 150 కోట్లు.

కార్క్‌లో మనవాళ్ళు చాలామంది పొట్టపోసుకునేది ఈ ఫైళ్ళు రాయడం, కాపలా కాయడం మీదే. ఐర్లండ్ సైబర్ భద్రతా రంగాన్ని ఒక తాటి మీదికి తెచ్చిన సైబర్ ఐర్లండ్ 2019లో మొదలైందీ, నడుస్తున్నదీ ఇక్కడి సాంకేతిక విశ్వవిద్యాలయం నీడనే. కాబట్టి వాళ్ళకు తెలిసిన సంగతే అయినా అంటాను. బయటి నుంచి తెప్పించుకునే ప్రతి ఫైలుకూ దాని వేలిముద్రను మన పేజీలో ముందే రాసిపెట్టుకునే సౌకర్యం 2018కి ముందు నుంచీ బ్రౌజర్లలో ఉంది. ఫైలులో ఒక్క అక్షరం మారినా బ్రౌజరు దాన్ని నడపదు. ఆ నాలుగు వేల సైట్లలో ఒక్క లైను రాసుకుని ఉంటే ఆ ఆదివారం వెట్టి గడప దాటేది కాదు. గడువు తరుముతుంటే ఆ ఒక్క లైనునే మనం మొదట వదిలేస్తాం.

బైబిట్ విషయంలో అదొక్కటే సరిపోదు, మారింది అసలు సైటువారి ఫైలే కాబట్టి. అక్కడ పనికొచ్చేది పాత బ్యాంకు గుమాస్తా పద్ధతి. సంతకం పెట్టేవాడు పేజీ చెప్పింది కాకుండా, చేతిలో ఉన్న విడి పరికరం తెర మీద ఏ చిరునామాకు ఎంత పోతుందో చదివి పెట్టడం. కొద్దో గొప్పో నాణేలు కొనుక్కున్న మనలాంటివాళ్ళకూ ఇది వర్తిస్తుంది. ఎక్స్‌చేంజీలో ఉంచినవి మన చేతిలో ఉన్నవి కావు. సొంత పరికరంలోకి మార్చుకుంటే, దాని రహస్య పదాలు ఫొటో తీసి వాట్సాప్‌లో ఇంటికి పంపకండి. అలాగని మరీ గట్టిగా దాచినా చిక్కే. గాల్వే కౌంటీలో ఒకతను ఆరు వేల బిట్‌కాయిన్‌ల తాళాలను కాగితం మీద ముద్రించి గాలపు కర్ర పెట్టెలో దాచాడు. అతను జైలుకెళ్ళాక అద్దె ఇల్లు ఖాళీ చేసినప్పుడు ఆ పెట్టె కాస్తా చెత్తలోకి పోయిందని చెప్పాడు. ఆ నాణేలను జప్తు చేసిన ఐర్లండ్ అధికారులకు 2020 నాటికి చేతిలో ఉన్నది కోర్టు ఉత్తర్వు ఒక్కటే.

ఇంతకీ కాయిన్‌హైవ్ ఏమైంది? మొనేరో ధర ఏడాదిలో ఎనభై అయిదు శాతం పడిపోయి, తవ్వే పద్ధతి కూడా మారడంతో 2019 మార్చి 8న దుకాణం కట్టేసింది. ఏడాది దాటాక ట్రాయ్ హంట్ అనే ఆస్ట్రేలియా నిపుణుడి చేతికి ఆ సంస్థ వెబ్ చిరునామా వచ్చింది. తలుపు దగ్గర కూర్చుని చూస్తే, మూతపడిన ఆ దుకాణం తలుపును లోకం నలుమూలల నుంచీ కంప్యూటర్లు రోజూ తడుతూనే ఉన్నాయి. ఎప్పుడో ఎవరో దూర్చిన నాలుగు లైన్లను తమ సైట్లలో నుంచి తీసేయాలని వాటి యజమానులకు తోచలేదు. ఆయన 2021లో ఆ చిరునామాలో ఒక హెచ్చరిక పెట్టాడు. ఆ పాత లైన్లు ఉన్న సైట్లను తెరిస్తే, నాణేలు తవ్వడానికి బదులు, ఈ సైటులో దొంగ ప్రోగ్రాము ఉంది అన్న పలక తెర మీదికి వచ్చేట్టు చేశాడు.